ఎవరూ నడవని రోజు తీసిన లెక్క

2022 ఫిబ్రవరి. వరంగల్‌కు తూర్పున మిరప చేలు ఎర్రబడే కాలం. హైవేలకు సర్వే చేసే ఒక కన్సల్టెన్సీలో నేను జూనియర్ ఇంజినీర్‌ని, ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర. మా ఇంట్లో వాళ్ళు చుట్టాలందరికీ నేను ఎక్స్‌ప్రెస్‌వే కడుతున్నానని చెప్పేవాళ్ళు. నిజానికి నేను వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎదురుగా ఎవరు నడిచిపోతే వాళ్ళ పేరున ఒక నిలువు గీత గీసేవాణ్ణి. నాలుగేళ్ళ బీటెక్ తర్వాత నాకు తప్పు లేకుండా వచ్చిన డ్రాయింగ్ అదొక్కటే.

ఆ గీతలు ఎందుకో చెప్పాలి. మేము సర్వే చేస్తున్నది గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు. అంటే పాత రోడ్డును వెడల్పు చేయడం కాదు, పొలాల మీదుగా కొత్తగా గీత గీయడం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, రోడ్డు పడ్డాక అక్కడ గ్రీనూ ఉండదు, ఫీల్డూ ఉండదు. ఇలాంటి రోడ్లన్నీ రాష్ట్రాల్ని కలుపుతూ ఒక పెద్ద వలలా అల్లుకుంటున్నాయి. వలలో పెద్ద పట్నాలు ముడులు. మధ్యలో ఉన్న చిన్న ఊళ్ళు ముడికీ ముడికీ నడుమ ఖాళీలు. మ్యాపు మీద చూస్తే చాలా అందంగా ఉంటుంది, ఖాళీల్లో ఎవరూ లేరనుకుంటే.

ఇది యాక్సెస్ కంట్రోల్ ఉన్న రోడ్డు. ఎక్కడ పడితే అక్కడ ఎక్కకూడదు, దాటకూడదు. ఎత్తైన మట్టికట్ట, దానికి రెండు పక్కలా కంచె. అడ్డం వచ్చే బాటల కోసం కట్ట కింద అక్కడక్కడా అండర్‌పాస్‌లు పెడతారు. ప్రతి బాటకూ పెట్టలేరు కాబట్టి ఏ బాట మీద ఎంతమంది నడుస్తున్నారో లెక్క తీస్తారు. దాన్ని క్రాస్ ట్రాఫిక్ కౌంట్ అంటారు. లెక్క గట్టిగా వస్తే అండర్‌పాస్ నిలుస్తుంది, రాకపోతే ఆ బాటను పక్కనున్న అండర్‌పాస్‌కు కలిపేస్తారు. మా కాగితాల్లో ఊళ్ళకు పేర్లుండవు. రోడ్డుకు ఎడమన ఉన్నది ఎల్‌హెచ్‌ఎస్, కుడిన ఉన్నది ఆర్‌హెచ్‌ఎస్.

సత్తవ్వ ఎల్‌హెచ్‌ఎస్. ఆమె చెల్లెలు కొమురవ్వ ఆర్‌హెచ్‌ఎస్. మధ్యలో మిరప చేలు, ఒక బండ్ల బాట, పదిహేను నిమిషాల నడక.

సత్తవ్వ నాకు పరిచయమైంది కౌంట్‌కు రెండు వారాల ముందు, నేల ఎత్తుపల్లాలు కొలిచేటప్పుడు. ఆ పనికి టోటల్ స్టేషన్ అనే యంత్రం వాడతాం. మూడు కాళ్ళ మీద నిలబడి, దూరంగా పెట్టిన అద్దానికి వెలుతురు పంపి దూరం కొలుస్తుంది. మధ్యలో మనిషి అడ్డం వస్తే కొలత పోతుంది. అందుకని రోజంతా నా ప్రధాన వృత్తి కేకలు వేయడం. ఆ ఊరివాళ్ళు ఎంత మర్యాదస్తులంటే, నేను ఆగమంటే నెత్తిమీద మిరపకాయల మూటతోనే ఎండలో ఆగిపోయేవాళ్ళు. సత్తవ్వ ఒక్కతే నన్ను నిలదీసింది.

"ఇంకెంతసేపు సారు బిడ్డా? మా చెల్లె నెత్తి ఇరబోసుకొని కూసుంటది ఆడ."

ఆమె నన్ను సారు అనాలా, బిడ్డా అనాలా అన్నది చివరిదాకా తేల్చుకోలేదు. రెండూ కలిపి వాడేది.

కొమురవ్వకు రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చింది. కాళ్ళు కుదుటపడ్డాయి గానీ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. తన జుట్టు తాను దువ్వుకోలేదు. కోడలు దువ్వుతుంది, కానీ ఆమె దువ్వితే నెత్తి ఊడొస్తుందని కొమురవ్వ ఫిర్యాదు. అందుకని అక్క రోజూ పొద్దున్నే పొలాల మీదుగా నడిచి వెళ్ళి, నూనె పెట్టి, జడ వేసి, చాయ్ తాగి వస్తుంది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. అరుగు మీద చెల్లెలు ముందు, అక్క వెనక. ఇద్దరికీ అరవై దాటాయి. చెల్లెలి జుట్టు ఇంకా నడుము దాకా ఉంది. అక్కది సుపారీ అంత కొప్పు. వాళ్ళు పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. జడ పూర్తయ్యాక కొమురవ్వ ఎడమచేత్తో దాని కొస తడిమి చూసుకుని, ఇవాళ వదులుగా ఉందని వంక పెట్టింది. అది ధన్యవాదమని నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

తిరుగు దారిలో సత్తవ్వ అసలు సంగతి తెచ్చింది. కట్ట కింద ఏదో బొక్క పెడతారట కదా, ఆ బొక్క ఈ బాటకే పెట్టమంది. లెక్కను బట్టి ఉంటుందని చెప్పాను. లెక్క రాకపోతే దారి రెండు కిలోమీటర్లు అవతలి అండర్‌పాస్‌కు పోతుందని కూడా చెప్పాను. అంటే పోవడానికి రెండు, అటుపక్క మళ్ళీ వెనక్కి రావడానికి రెండు. ఆమె తన మోకాళ్ళకేసి చూసుకుంది.

"ఎంతమంది నడిస్తె పెడుతరు?"

"మీరు రోజూ ఎట్లా నడుస్తారో అట్లా నడిస్తే చాలు పెద్దమ్మా."

నాకు నిజంగానే నమ్మకం ఉండింది. మిరప ఏరే సీజన్. పొద్దున్నే గుంపులు గుంపులుగా ఆడవాళ్ళు ఆ బాట మీదే పోతారు. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, బడి సైకిళ్ళు. నా పెన్ను అరిగిపోతుందనుకున్నాను. పద్ధతి ప్రకారం పంచాయతీకి ఉత్తరం ఇచ్చాం, ఫలానా రోజు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా బాట మీద లెక్క తీస్తామని.

ఆ రోజు ఐదున్నరకే కుర్చీ వేసుకున్నాను. బాట శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎంత మంచి ఊరు అనుకున్నాను.

ఆరయింది, ఏడయింది. ఎవరూ రాలేదు. ఎనిమిదికి ఒక బర్రె వచ్చి, నన్ను చూసి, అభిప్రాయం మార్చుకుని వెనక్కి పోయింది. పదింటికి ఒక కుక్క వచ్చి కుర్చీ కింద పడుకుంది. అది బాట దాటలేదు కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు. రూలు రూలే. నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పోయింది. ఇవాళ ఏరుడు లేదేమో అనుకున్నాను. సాయంత్రం ఆరింటికి కాగితం మీద పాదచారులు సున్నా, బండ్లు సున్నా. రిమార్కుల గడిలో బర్రె సంగతి ఉన్నదున్నట్టు రాసి, ఫోటో తీసి టీమ్ లీడర్‌కు పంపేశాను. ఆయన దాన్ని ఆఫీసు గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఆ బాట పేరు బర్రె బాట. నేను పెట్టిన పేర్లలో అంత త్వరగా స్థిరపడింది ఇంకొకటి లేదు.

మర్నాడు సామాన్లు సర్దుతుంటే సత్తవ్వ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"లెక్క మంచిగొచ్చిందా సారు బిడ్డా? ఒక్కరు గూడ అడ్డం రాలే గదా?"

ఎవరూ ఎందుకు రాలేదని అడిగాను. చెప్పింది. ఉత్తరం అందగానే సర్పంచ్ డప్పు చాటింపు వేయించాడు. సార్లు బాట లెక్క చూస్తున్నారు, పొద్దు గూకేదాకా ఎవ్వరూ ఆ బాట తొక్కొద్దు, పశువుల్ని కూడా తోలొద్దు అని. రాత్రికి రాత్రి బాట ఊడిపించాడు. ఏరే ఆడవాళ్ళను ట్రాలీ ఆటోలో తారు రోడ్డు మీదుగా చుట్టు తిప్పి చేలకు తీసుకెళ్ళారు. బడి పిల్లల్ని కూడా తారు రోడ్డు మీదే పంపారు. ఊరంతా కలిసి, నాకు అడ్డం రాకూడదని, ఒక రోజంతా కాళ్ళు కట్టేసుకుని కూర్చుంది. ఎందుకంటే పది రోజుల పాటు అడ్డం రావద్దని గొంతు చించుకుని అరిచింది నేనే.

"మరి నువ్వు పోలేదా పెద్దమ్మా, చెల్లె దగ్గరికి?"

"ఒక్కనాడు జడ లేకుంటె ఏమైతది? నువ్వు మా బొక్క కోసం కూసుంటివాయె, నేనొచ్చి నీ లెక్క ఖరాబ్ చేస్తనా?"

 సున్నా వస్తే బొక్క రాదని ఆమెకు చెప్పకుండానే, నీళ్ళు తాగుతానని పక్కకు పోయాను.

టీమ్ లీడర్‌కు ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు, మూడు జిల్లాల రిపోర్టు నెత్తిమీద ఉన్నవాడు. బర్రె బాటేనా అని నవ్వి, చివరికి ఆదివారం నా సెలవులో మళ్ళీ లెక్క తీసుకోమన్నాడు. గంట గంటకు ఫోటోలు పంపాలన్నాడు. నేను సర్పంచ్ దగ్గరికి వెళ్ళి, ఈసారి జనం నడవాలి, మామూలుగా నడవాలి అని మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లు తలూపాడు. మొదటి మాటే ఆయనకు చేరిందని ఆదివారం తెలిసింది.

ఊరు మొత్తం దిగింది. పొద్దున ఆరింటికే బాట జాతరలా ఉంది. సర్పంచ్ బండి మీద అటు పోయి ఇటు వచ్చి, మళ్ళీ అటు పోయాడు. ఒకే మేకల మంద మధ్యాహ్నానికి ఎనిమిదిసార్లు దాటింది, చివరికి మేకలే మొరాయించాయి. ఒక పెద్దాయన ఎర్ర తువ్వాల తలకు చుట్టుకుని ఎంత శ్రద్ధగా తిరిగాడంటే, కూర్చోమని నేనే బతిమాలాను. పది గంటలకు గీతలు గీయడం మానేసి, ఇళ్ళకు పొమ్మని దండం పెట్టాను. మొహమాటపడుతున్నానేమో అనుకుని ఇంకా ఉత్సాహంగా నడిచారు.

సత్తవ్వ మాత్రం పొద్దున ఒకసారి అటు పోయింది, గంట తర్వాత ఒకసారి ఇటు వచ్చింది. అంతే.

"నేను దినాం ఒక్కతాప పోయి ఒక్కతాపొస్త. ఎక్కువ జెప్పుడెందుకు?" అంది.

మళ్ళీ మళ్ళీ తిరిగినవాళ్ళను తీసేసి, నాకు చేతనైనంత నిజమైన లెక్క రాసి పంపాను. అది చాలు కూడా. అండర్‌పాస్ నిలబడేంత ఉంది. కానీ దానితోపాటు ఫోటోలు కూడా పోయాయి. ఎర్ర తువ్వాల పెద్దాయన పదకొండు ఫోటోల్లో ఉన్నాడు.

టీమ్ లీడర్ సాయంత్రం ఫోన్ చేశాడు. ఈసారి నవ్వలేదు.

"మొన్న సున్నా అన్నవ్. ఇయ్యాల జాతర జూపిస్తానవ్. పైకి ఏది పంపమంటవ్ తమ్మీ? రెండిట్ల ఏది నమ్ముతరు?"

మొదటిదే పైకి పోయింది. అది పద్ధతి ప్రకారం తీసింది. దాని మీద నా సంతకం ఉంది, బర్రె కూడా ఉంది. నేను మూడు మెయిళ్ళు రాశాను, ఒకసారి పెద్దాఫీసుకు వెళ్ళి గంటన్నర బయట కూర్చున్నాను. లోపలికి పిలిచాక ఒకాయన ఫైలు తిరగేస్తూ, ఈ బర్రె రిమార్కు రాసింది నువ్వేనా, బాగుందయ్యా అన్నాడు. బాటను రెండు కిలోమీటర్ల అవతలి అండర్‌పాస్‌కు కలిపేశారు.

సత్తవ్వకు ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను. ఆమె తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. చాయ్ తాగుతవా అంది.

ఈ ఏడు ఆ వైపు వెళ్ళాను. ఇప్పుడు నేను వేరే ప్యాకేజీలో ఉన్నాను. ప్యాకేజీ అంటే పొడుగు రోడ్డును పనికోసం కోసిన ముక్కల్లో ఒకటి. కట్ట లేచింది, రెండు నిలువుల ఎత్తు. కంచె కూడా పడింది. బాట కట్ట దాకా వచ్చి ఆగింది. ఇంతకుముందు సత్తవ్వ వాకిట్లో నిలబడితే చెల్లెలి ఇంటి పెంకులు కనిపించేవి. కొమురవ్వ అటునుంచి ఓ అక్కా అని కేకేస్తే గాలి బాగుంటే వినిపించేదట. ఇప్పుడు మట్టి కనిపిస్తుంది, రోలర్ వినిపిస్తుంది.

సత్తవ్వ వారానికి రెండుసార్లే పోగలుగుతోంది. ఆ రోజు నా బండి మీద ఎక్కించుకున్నాను. రెండు కిలోమీటర్లు పోయి, అండర్‌పాస్ దాటి, అటు పక్క రెండు కిలోమీటర్లు వెనక్కి. అరుగు మీద కొమురవ్వ కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టలేదు. గుండు.

ఐనవోలు మల్లన్నకు జుట్టు ఇచ్చేసిందట. మొక్కేమిటని అడిగాను.

"మొక్కు లేదు, మన్ను లేదు," అంది కొమురవ్వ. "దీని మోకాళ్ళు అరిగిపోతానయ్. నెత్తి మీద ఎంటికలుంటెనే గదా ఇదొచ్చుడు. తీసేస్తె ఇంటికాడ కూసుంటదనుకున్న."

"అడిగినవా నన్ను?" అంటూ సత్తవ్వ ఆమె వెనక చేరి కూర్చుంది. చేతిలో నూనె పోసుకుని ఆ గుండుకు పట్టించడం మొదలుపెట్టింది. అరచెయ్యి మెడ దాకా వచ్చి, జడ ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పైకి పోయేది. ఆ చెయ్యి ఆగినప్పుడల్లా నేను ఫోన్ చూసుకున్నాను. సిగ్నల్ లేదు.

"జడ లేనంక ఇంకెందుకొస్తానవే?" అంది చెల్లెలు.

"నూనె పెట్టద్దా మరి?"

దిగబెట్టి వచ్చేటప్పుడు సత్తవ్వ, ఇప్పుడు ఎక్కడ లెక్క తీస్తున్నావని అడిగింది. ఏటూరునాగారం దారిలో ఇంకో రోడ్డుకని చెప్పాను.

"ఆ ఊరోళ్ళకు ముందుగాల చెప్పకు బిడ్డా," అంది. ఈసారి సారు అనలేదు. "చెప్పకుంట పో. కుర్సేసుకోకు. నాలుగొద్దులు వాళ్ళ యెంబడి నడువు."

నేను అలాగే చేస్తున్నాను. ఉత్తరం ఇవ్వక తప్పదు కాబట్టి ఇస్తాను. కానీ అందులో రాసిన తేదీకి వారం ముందే, లెక్క కాగితం జేబులో పెట్టుకుని, మిరప ఏరే వాళ్ళతో, మేకలతో, ఎవరు పోతే వాళ్ళతో ఆ బాట మీద నడుస్తాను. అంత పొద్దున్నే ఎక్కడికని అడుగుతాను. చాలామంది చెబుతారు. లెక్క మీద నేను బీటెక్‌లో చదివినదాని కన్నా అది ఎక్కువ పనికొచ్చింది. ఆ వారం లెక్కను కూడా రిపోర్టుకు జతచేస్తాను. ఇప్పటికి రెండు అండర్‌పాస్‌లు అలా నిలబడ్డాయి.

ఆ రెండూ వేరే ఊళ్ళవి.