నేను బెల్టు దాటలేదు

నా చిన్నప్పుడు మా నాన్న నన్ను ఒక్కసారే కొట్టాడు, అదీ నేను చెయ్యని తప్పుకు. ఎనభై దాటిన ఈ వయసులోనూ ఆ దెబ్బ గుర్తుంది. కొట్టించిన మాట ఇంకా బాగా గుర్తుంది.

మాది శృంగవరపుకోటకు పైన, కొండల కింద ఊరు. మా తాతయ్య, నాన్న రంపం కోత మనుషులు. దుంగను ఎత్తు మీద పెట్టి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి, పెద్ద రంపంతో రోజంతా కోసేవారు. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వాళ్ళు పని చేసే కర్ర అడితి షావుకారు ఎక్కడో పాత ట్రాక్టరు ఒకటి కొన్నాడు. దానికి రబ్బరు చక్రాలు కూడా లేవు, ఇనుప చక్రాలే. వానాకాలం పొలం దున్నేది, చలికాలం చెరకు గానుగ తిప్పేది. ఎండాకాలం అడితిలో నిలబెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, దాని పక్కనున్న కప్పీకి వెడల్పాటి బెల్టు తగిలిస్తే ఇరవై అడుగుల దూరాన పళ్ళ చక్రం గిర్రున తిరిగేది. మా వాళ్ళు రోజంతా కోసే దుంగను అది రెండు గంటల్లో కోసేసేది. నాన్నను దుంగలు తోసే పనిలో పెట్టుకున్నారు. తాతయ్యకు ఆ చక్రం పళ్ళు ఆకురాయితో నూరే పని మిగిలింది.

నేను రోజూ పన్నెండింటికి వాళ్ళిద్దరికీ చోడి అంబలి పట్టుకెళ్ళేదాన్ని. బెల్టు దగ్గరికి వెళ్ళొద్దని అమ్మ చెప్పింది. అడితి చుట్టూ తిరిగి వెళ్ళి, వెనక రేకుల కింద కూర్చునేదాన్ని. ఆ రోజూ అలాగే వెళ్ళాను. ఈ మాట వంద మందికి చెప్పాను, ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

ఆ రోజు కోస్తున్నది నల్లమద్ది దుంగ. మన్యం దారి పక్కన గాలివానకు పడిన చెట్టు. మంచి చేవ. సగం కోత అయ్యేసరికి కీచుమని చెవులు చిల్లులు పడే చప్పుడు వచ్చింది, నిప్పులు లేచాయి, పళ్ళ చక్రానికి నాలుగు పళ్ళు ఎగిరిపోయాయి. ట్రాక్టరు డ్రైవరు బెల్టు నిలిపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. ఆపితే మళ్ళీ లేపడానికి పెట్రోలు కావాలి, ఇద్దరు మనుషులు హ్యాండిలు తిప్పాలి. అది లేచాకే కిరసనాయిలు మీద నడుస్తుంది. ఆ రోజుల్లో కిరసనాయిలు కూడా కంట్రోలు రేషనులోనే దొరికేది, పెట్రోలు అసలే కరువు.

షావుకారు పరుగెత్తుకొచ్చాడు. తప్పు తన మీదికి రాకుండా డ్రైవరు చుట్టూ చూశాడు. రేకుల కింద నేను కనపడ్డాను.

"ఈ గుంట బెల్టు దాటీసినాది బాబూ! ఆడపిల్లని అడితిలోకి రానిస్తే ఏటవుతాది మరి?"

తిరుగుతున్న బెల్టును దాటి ఉంటే ఇవాళ ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. ఆ మాత్రం తెలివి అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ లేకపోయింది. అందరూ నా వైపు చూశారు. "అరిష్టపు గుంట" అన్నాడు షావుకారు. "రేపట్నుంచి నువ్వూ రావద్దు, నీ కూతుర్నీ తేవద్దు" అని నాన్నతో అన్నాడు. నాన్నకు ఆ పని తప్ప వేరే ఆధారం లేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. వీపు మీద ఒక్కటి వేసి, షావుకారు వైపు తిరిగి చేతులు జోడించాడు.

తాతయ్య దుంగ తలవైపు వెళ్ళి వంగి చూశాడు. కోత మనిషి దుంగ మీద రంపం పెట్టే ముందు చేసే మొదటి పని అదే. ట్రాక్టరు వచ్చాక ఎవరూ చెయ్యడం మానేశారు. మద్ది కర్రలో ఇనుము ఉంటే ఆ చుట్టూ కర్ర సిరా పోసినట్టు నల్లబడుతుంది, ఆ నలుపు చార దుంగ చివరిదాకా వస్తుంది. తాతయ్య చార వెంట వేలు నడిపించి, ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టి, సగానికి తెగిన మేకును బయటికి లాగాడు. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి.

చలిజ్వరం వదలకపోతే మా ఊళ్ళో మంత్రగాడు మేకుకు దారం చుట్టి, రోగి తల చుట్టూ తిప్పి, ఆ మద్ది చెట్టుకు కొట్టేవాడు. జ్వరం చెట్టులోకి దిగిపోతుందని నమ్మకం. ఏళ్ళు గడిచేసరికి బెరడు మేకులను మింగేసింది. చెట్టు పడి దుంగ అయ్యాక ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

దుంగలు మోసే ముసలాయన ఒకడు నవ్వాడు. "ఊరి జొరాలన్నీ ఇందులోనే ఉన్నాయి బాబూ. ఎతికితే మీ పెద్దబాబు జొరమూ దొరుకుతాది."

షావుకారు మొహం మాడిపోయింది. "సర్లే, సర్లే. వేరే చక్రం బిగించండి, పన్జూడండి" అన్నాడు. నాన్నను రావద్దన్న మాట ఊసెత్తలేదు. నా ఊసు అసలే లేదు.

తాతయ్య వెళ్ళి ఆ దుంగ మీద కూర్చున్నాడు.

"లెగు, ముసలోడా."

"లెగను బాబూ. నా మనవరాల్ని ఓ మాట అన్నారు. అందరూ ఇన్నారు. అందరూ ఇనేటట్టు ఎనక్కి తీసుకోండి."

ట్రాక్టరు దడదడమంటూ ఊరికే ఆడుతోంది. కిరసనాయిలు తగలబడుతోంది. షావుకారు తిట్టాడు, బెదిరించాడు. గల్లాపెట్టె దగ్గరి నుంచి పటికబెల్లం ముక్క తెప్పించి నా చేతిలో పెట్టించాడు. "ఇచ్చీయే" అన్నాడు తాతయ్య. ఇచ్చేశాను. నాన్న బతిమాలాడు. తాతయ్య చుట్ట వెలిగించుకున్నాడు. డ్రైవరు టాంకీ మూత తీసి పుల్ల ముంచి చూసి, "ఇంక కొంచెమే ఉన్నాది బాబూ" అన్నాడు.

చివరికి షావుకారు పళ్ళు బిగించి, "పిల్ల తప్పు లేదు" అన్నాడు.

"పేరెట్టి సెప్పండి."

అతనికి నా పేరు తెలియదు. రెండు ఎండాకాలాలు రోజూ అతని కళ్ళ ముందు నుంచే వెళ్ళాను. నాన్న చెవిలో అడిగి తెలుసుకుని, నా పేరు పెట్టి చెప్పాడు. నాన్న పని పోకుండా నిలబడింది. తాతయ్య అప్పుడు లేచాడు.

పది రోజుల్లో పళ్ళు నూరడానికి విజయనగరం నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నారు. తాతయ్యను ఇక రావద్దన్నారు. ఆయన బాధ పడ్డాడో లేదో నాకు చెప్పలేదు. నాకు మాత్రం ఆ అడితి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు మండేది. డ్రైవరు తన మాట ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. నాన్నను ఆ దెబ్బ గురించి రెండుసార్లు అడిగాను, ఒకసారి నా పెళ్ళికి ముందు, ఒకసారి ఆయన మంచాన పడ్డాక. రెండుసార్లూ మాట మార్చాడు.

పోనీలే అనడం నాకు చేతకాదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. నలుగురిలో పడిన మాటను చాటుగా తుడిచేస్తే అది తుడిచినట్టు కాదని ఆ రోజు నేర్చుకున్నాను. మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో అందరి ముందూ నన్ను ఒక మాట అన్న మా మరిది, మర్నాడు ఫోను చేసి మెల్లగా, "తప్పయిపోయింది వదినా" అన్నాడు. ఆ బంతిలో కూర్చున్న వాళ్ళందరినీ పిలువు, వస్తాను, అక్కడ చెప్పు అన్నాను. ఇంకా పిలవలేదు. నేను కూర్చునే ఉన్నాను.