వానలో బుడ్డల పొట్టు పలక

నాకు అక్షరాలు రాని రోజుల్లో బస్సు ఎక్కాలంటే ఎవరినో ఒకరిని అడగాల్సిందే. పామిడిలో అలా నేను అడిగిన మనిషి నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. తన తలుపంత పలకను కండక్టరు బస్సు పైన వేయించాడని దిగులుగా ఉన్నాడు. వేరుశనగ బుడ్డల పొట్టుతో తానే చేసిన పలకట.

"పొట్టు పొయ్యిలోకి గదప్పా, పలకేంది?" అన్నాను.

"బంక కలిపి అదిమితే గట్టిపడతాదక్కా. తలుపులు చేసేకి మన పక్క మాన్లు యాడుండాయి? ఈ పొద్దు ఆఫీసర్లు చూసి బాగుందంటే మా ఊరికి మిషను ఇస్తారంట. తడిస్తే మాత్రం ఉబ్బిపోతాది."

బుడ్డలు విత్తి అందరం మబ్బు కోసం చూస్తున్న కాలం అది. గార్లదిన్నె దాటగానే వాన అందుకుంది. బస్సులో వాళ్లంతా నవ్వుతూ కిటికీల్లోంచి చేతులు చాపారు. ఆయన ఒక్కడే పైకప్పు వంక చూశాడు.

"పాయె నీ పలక," అన్నాను.

"కురవనీలేక్కా. బుడ్డలు పండకపోతే నాకు పొట్టు యాడిది?" అని తానూ చెయ్యి బయటపెట్టాడు.

అనంతపురంలో పలక దించితే అంచులు నానిన అటుకుల్లా ఉబ్బి ఉన్నాయి. నడుమ వేలితో కొట్టి చూసుకుని, దాన్ని నా తల మీదికి ఎత్తి పట్టాడు.

"ఎట్లాగూ తడిసింది గదా. నువ్వన్నా తడవకుండా రా."

బస్టాండు చూరు కింద నన్ను వదిలి, పలక నెత్తిన పెట్టుకుని ఆఫీసు దారి పట్టాడు. ఆఫీసర్లు ఏమన్నారో నాకు తెలియదు. నన్ను అడిగి ఉంటే, ఆ పలక కింద నడిచినంత దూరం నా మీద ఒక్క చుక్క పడలేదని చెప్పేదాన్ని.