పైడి దీదీ నవ్వని జోకులు

పంక్చరు అతికించే సొల్యూషన్ వాసన తగిలితే నా పిక్కలు వాటంతటవే బిగుసుకుంటాయి. మొన్న హాడోలో రేవు గేటు పక్కన ఒకతను సైకిలు ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, ఆ జిగురు పూసి, ఆరడానికి నోటితో ఊదుతున్నాడు. డ్యూటీకి వెళ్తున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. కొందరికి మల్లెపూల వాసనకు మనుషులు గుర్తొస్తారట. నాకు రబ్బరు జిగురుకు గుర్తొస్తారు. ఏం చేస్తాం, నా గురువు దొరికింది సైకిలు షాపులో.

ఆవిడ పేరు పైడమ్మ. డాలీగంజ్‌లో పిల్లల నుంచి ఆఫీసర్ల దాకా అందరికీ పైడి దీదీ. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చిన కుటుంబం; ఆవిడ పుట్టింది, పెరిగింది ఇక్కడే. పొట్టి మనిషి. జుట్టు ముడిలో పూలకు బదులు టైరు ఊడదీసే లీవరు ఉండేది. మొగుడికి ఓడలో ఉద్యోగం రాగానే షాపు తను చూసుకోవడం మొదలుపెట్టింది. ఎవరో బదిలీ మీద వెళ్తూ వదిలేసిన గేరు సైకిలును బాగు చేసి, సరిగా నడుస్తోందో లేదో చూద్దామని ఒకరోజు ఎక్కింది. ఆ చూడటం మళ్ళీ ఆగలేదు. నలభై దాటాక ఈత, సైకిలు, పరుగు కలిపి పెట్టే పోటీల్లో దిగింది. నేను షాపులో చేరేసరికి ఊళ్ళో సగంమంది మగాళ్ళ కంటే ముందు గమ్యం చేరుతోంది. మిగతా సగంమంది మగాళ్ళు పోటీకి రారు కాబట్టి బతికిపోయారు.

నేను జంగ్లీఘాట్ వాణ్ణి. మాది చేపల వేట. ఎనిమిదో తరగతితో బడి నన్ను వదిలిందో, నేను బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు. ఐస్ ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు చేశాను, ఆటో తోలడం నేర్చుకుంటూ కొన్నాళ్ళు తిరిగాను. ప్రతిచోటా మధ్యలోనే మానేశాను. మానేసిన మర్నాడు రేవులో కూర్చుని ఆ సంగతిని కథగా చెబితే, జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. అంతగా నవ్వినవాళ్ళెవరూ ఎందుకు మానేశావని అడగరు.

దీదీ షాపులోనూ అదే పని. ఒంటికి అతుక్కుపోయే బట్టలేసుకుని సైకిళ్ళు తెచ్చే ఆఫీసు బాబుల నడకలు చేసి చూపించేవాణ్ణి. ఒకరోజు ఆవిడ చక్రం తిప్పుతూ, తలెత్తకుండా అంది:

“నోరు బాగానే పరిగెడతంది. మరి కాళ్ళ సంగతేటి?”

“కాళ్ళెందుకు దీదీ? మొదట ఈతే కదా. నేను సముద్రం బిడ్డని. నేను ఒడ్డుకొచ్చి టీ తాగేదాకా మీ బాబులు నీళ్ళలోనే ఉంటారు.”

“చల్, అయితే పేరు రాయించు.”

రాయించాను. నీళ్ళలోంచి అందరికంటే ముందు బయటపడ్డాను కూడా. టీ ఒక్కటే తక్కువ. సైకిలెక్కి మొదటి ఎత్తుకు వచ్చేసరికి కాళ్ళు నావి కావు. మా ఊళ్ళో రోడ్డనేది ఎక్కడమో దిగడమో తప్ప సాపుగా ఉండదు. దిగి నిలబడ్డాను. ఆగిపోయినవాళ్ళని ఎక్కించుకోవడానికి తిరిగే వ్యాను వచ్చి ఆగింది. అందులో వాలంటీరు కుర్రాడు కంగారుగా, “క్యా హువా భయ్యా?” అన్నాడు.

“నాకేం కాలేదు భయ్యా. సైకిల్‌కే చక్కర్ వస్తంది. కళ్ళు తిరిగి పడిపోద్దేమో, ముందు దాన్ని పడుకోబెట్టండి” అన్నాను. వ్యానంతా నవ్వు. సాయంత్రానికి ఆ మాట జంగ్లీఘాట్ మొత్తం పాకింది. గెలిచినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు.

దీదీ మాత్రం నవ్వలేదు. మర్నాడు షాపులో నా ఎదుట స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఐస్ ఫ్యాక్టరీ కథ బాగుంది. ఆటో కథ బాగుంది. ఇదీ బాగుంది. అన్నీ మధ్యలో దిగిపోయిన కథలేరా సిమ్మా. ఆఖరిదాకా ఎల్లిన కథ ఒకటి చెప్పు, ఇంటాను.”

వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అప్పటినుంచి నాకు ఒకటే పంతం పట్టుకుంది. ఎన్నోవాడిగానైనా సరే, ఆ ఫినిష్ లైను కాళ్ళతో దాటాలి. వ్యానులో కాదు.

దీదీ దగ్గర వాచీలు, లెక్కలు ఉండేవి కావు. తెల్లారుతుండగా నన్ను పక్కన పెట్టుకుని పరిగెత్తుతూ జోకు చెప్పమనేది. చెన్నై ఓడెక్కిన మా చిన్నాన్న, పుట్టుబెస్తవాడై ఉండి, వాంతులు చేసుకున్న వైనం మొదలుపెట్టేవాణ్ణి. సగంలో ఊపిరి అందేది కాదు. “ఆఖరి మాట రాలేదంటే జోరు ఎక్కువైనట్టు. తగ్గించు. మళ్ళీ మొదట్నుంచి” అనేది. చిన్నాన్న పాపం ఆ వానాకాలమంతా డాలీగంజ్ రోడ్ల మీద వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు. కథ మొత్తం ఊపిరి తడబడకుండా చెప్పగలిగిన రోజున, అంత మెల్లగా పరిగెత్తినా ఎంత దూరం వచ్చేశానో చూసుకుని నేనే ఆశ్చర్యపోయాను. దీదీ అప్పుడూ నవ్వలేదు. “ఇంకో జోకు నేర్చుకో” అంది.

ఈత దగ్గర ఇంకో చిక్కు. ఒడ్డున గొడుగేసుకుని నన్ను కాసేపు చూసి, “ఎవరు ములిగిపోతన్నార్రా? ఎవర్ని కాపాడ్డానికి ఆ పరుగు?” అని అరిచింది. ఆలోచిస్తే నిజమే. మా ఇళ్ళలో ఎవరూ సరదాకు ఈదరు. ఈదుతున్నామంటే డింగీ పడవలోంచి ఎవరో పడ్డారన్నమాట. అందుకే నీళ్ళలో నాకు ఒకటే వేగం తెలుసు, ప్రాణం మీదికొచ్చిన వేగం. ఒంట్లో ఉన్నదంతా అక్కడే పోసేసి, ఉత్త సంచిలా సైకిలెక్కేవాణ్ణి.

దీదీ నేరుగా మా నాన్న దగ్గరికి వెళ్ళింది. “బాబాయ్, డింగీ మెల్లగా తెడ్డేసుకుంటా పో. వీడు పక్కనే రావాలి. ముందుకెళ్తే తెడ్డుతో ఒకటియ్యి.” మా నాన్నకు సిగ్గు చచ్చిపోయింది. డింగీ బాగానే ఉంది, కొడుకు నీళ్ళలో ఉన్నాడు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అనుకున్నట్టే అయింది. వేట నుంచి వస్తున్న ఎర్రయ్య మావ మమ్మల్ని చూసి, ఇంజను జోరు పెంచుకుని వచ్చేశాడు. నేను నోరు తెరిచేలోపే నిక్కరు పట్టుకుని నన్ను తన డింగీలోకి లాగి, చేపల మీద పడేశాడు.

“ఏటి బావా, కన్నకొడుకు పడిపోతే అలా సూస్తా తెడ్డేసుకుంటన్నావు? పాగల్ హై క్యా?”

“పడిపోనేదురా, ప్రాక్టీసు!” అన్నాడు మా నాన్న.

“పడిపోడానికి ప్రాక్టీసేటి?”

ఆ వారంలో నన్ను మూడుసార్లు కాపాడారు. తర్వాత రేవు అలవాటుపడింది. నేనూ నాన్న తెడ్డుకు అలవాటుపడ్డాను. నీళ్ళలో తొందర లేకుండా ఉండటం ఇరవై రెండేళ్ళకు మొదటిసారి నేర్చుకున్నాను.

మరుసటేడు పోటీలో నేను ఒడ్డుకొచ్చేసరికి చాలామంది బాబులు సైకిళ్ళెక్కి వెళ్ళిపోయారు. జంగ్లీఘాట్ నుంచి వచ్చిన జనం మొహాలు చిన్నబోయాయి. నేను పట్టించుకోలేదు. ఎత్తులన్నీ ఎక్కాను. పరుగులో సగం దాటాక, ఎండ నడినెత్తికి వస్తుండగా, కుడి తొడ కండ రాయిలా పట్టేసింది. రోడ్డు పక్కన వంగి నిలబడ్డాను. వ్యాను వచ్చి ఆగింది. అదే వాలంటీరు. నన్ను గుర్తుపట్టి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

“అరే, చక్కర్ భయ్యా! ఈసారి ఏం జోక్?”

తలుపు తెరిచే ఉంది. లోపల చల్లటి నీళ్ళున్నాయి, నవ్వడానికి సిద్ధంగా నలుగురున్నారు. ఒట్టు, నా నాలిక మీద ముందుదాన్ని మించిన జోకు ఉంది. అప్పుడే, ఆడవాళ్ళ వరసలో మా తర్వాత బయలుదేరిన దీదీ వెనక నుంచి వచ్చింది. ఆవిడ పరుగు ఆవిడది. ఆగలేదు, నన్ను దాటుతూ అంది:

“చెప్పరా, నేనూ ఇంటాను. కానీ నడస్తా చెప్పు.”

వెళ్ళిపోయింది. నేను వాలంటీరు మొహం చూశాను, తెరిచిన తలుపు చూశాను. జోకు మింగేశాను. కుంటుకుంటూ నడిచాను. వ్యాను కాసేపు పక్కనే వచ్చి, నవ్వు దొరకదని తెలిసి ముందుకు పోయింది. కండ వదిలాక మెల్లగా పరుగందుకున్నాను. ఎన్నోవాణ్ణో నాకు తెలియదు. లైను మాత్రం నా కాళ్ళతోనే దాటాను.

దీదీ గట్టు మీద కూర్చుని అరటిపండు తింటోంది. “ఏటి కథ?” అంది.

“కథేమీ లేదు దీదీ. ఏమీ జరగలేదు. వచ్చేశాను.”

అప్పుడు నవ్వింది. నోట్లో అరటిపండుతో, పొలమారి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎన్నాళ్ళుగా ఎన్ని జోకులేశాను, దేనికీ నవ్వని మనిషి!

ఆవిడ ఇప్పుడు లేదు. ఈ మాట రాసినందుకు, ఉండి ఉంటే నా చేతిలో గ్రీజు డబ్బా పెట్టి పని చూసుకోమనేది. నేను రేవులో ఓడల తాళ్ళు కట్టే లస్కరు పని చేసుకుంటూ, సెలవు రోజున ఇంకా ఎత్తులెక్కుతూనే ఉన్నాను. ఆవిడ వల్ల నాకో సంగతి తెలిసింది: కష్టం మధ్యలో నా నోటికి చాలా మంచి జోకు తగిలిందంటే, నేను దిగిపోవడానికి సిద్ధమవుతున్నానని అర్థం. సైకిలు మీదే కాదు, ఉద్యోగంలోనైనా, ఇంట్లో పెళ్ళాంతో గొడవలోనైనా అంతే. పోయిన ఆదివారం వానలో ఎత్తు ఎక్కుతుంటే ఒకటి తగిలింది. చాలా గొప్ప జోకు. ఎవరికీ చెప్పలేదు. గేరు తగ్గించి తొక్కాను.