పదకొండు మైళ్ల పంతం

ఆ ఆదివారం నాడీన్ ప్రూయిట్ చర్చి తలుపులు తీసి గంట కొడితే, తనతో కలిపి ఏడుగురు తేలారు. ఫాదర్ హెన్స్లీ పక్షవాతంతో మంచాన పడి మూడు నెలలైంది. ఫాదర్ లేనిదే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవాళ్లు లేరు. ప్రార్థన పుస్తకం చదువుకుని ఇళ్లకు పోవడమే.

ఆ పాత ప్రార్థన పుస్తకం కోసమే నలభై ఏళ్ల కిందట ఆమె, ఆమె స్నేహితురాలు లొరీన్ పెద్ద చర్చిని వదిలి వచ్చేశారు. పెద్ద చర్చి తెచ్చిన కొత్త ప్రార్థనలూ నచ్చలేదు, ఆడవాళ్లు ఫాదర్లు కావడమూ నచ్చలేదు. మూతబడ్డ దాణా కొట్టులో బల్లలు వేసుకుని సొంత చర్చి మొదలుపెట్టారు. పద్నాలుగేళ్లు తిరిగేసరికి అలా విడిపోయిన చర్చిలన్నిటికీ పైనున్న బిషప్పులిద్దరికీ చెడింది. ఎవరు అసలైన బిషప్పన్న మాట మీద లొరీన్ సగం మందినీ పియానోనూ వెంటబెట్టుకుని పదకొండు మైళ్ల అవతల వేరుకుంపటి పెట్టింది. అప్పటినుంచి కిరాణా కొట్టులో ఎదురుపడినా ఇద్దరూ మొహాలు తిప్పుకునేవారు.

ఇప్పుడు ఆ రెండు శాఖలూ ఒకటవుతున్నాయని పైనుంచి ఉత్తరం వచ్చింది. సంఘ పెద్ద రాయిస్ అది చదివి బల్ల మీద పడేశాడు.

"వాళ్ల వాకిలి నిండా కార్లేనమ్మా. ఎటు లేదన్నా పాతికమంది. మనం పోయి వాళ్ల గడపలో చేతులు కట్టుకుని నిలబడాలా?"

నాడీన్ ఆ ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంది. మర్నాడు కారు తీసుకుని ఒక్కతే వెళ్లింది. లొరీన్ చర్చిలో ఇత్తడి దీపస్తంభాలు తోముతోంది.

"దారి తప్పావా ఏమిటే?" తల ఎత్తకుండానే అడిగింది.

"లేదు. మా ఫాదర్ మంచాన పడ్డాడు. మేం మిగిలింది ఏడుగురం. నీ దగ్గర దాపరికమెందుకు?"

లొరీన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏడుగురేనా? మేం తొమ్మిదిమందిమి. ఫాదర్ ఉన్నాడు గానీ పాట ఎత్తుకునేవాళ్లు లేరు. పియానో మీద దుమ్ము పేరుకుంది."

"మరి వాకిట్లో ఆ కార్లు?"

"రెండు మా ఆయన వదిలి వెళ్లినవి. ఒకటి పక్కింటావిడది. ఆ ఆకుపచ్చది అసలు కదలదు, తోసి పెట్టించాను. వాకిలి ఖాళీగా ఉంటే మీ రాయిస్ చూసి నవ్వుతాడనే కదే!"

నాడీన్ బల్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"ఎవరి బిషప్పు అసలైనవాడో తేలిందా మరి?" నవ్వు ఆపుకుని అడిగింది.

"ఇద్దరూ పోయారుగా. పైన తేల్చుకుంటూ ఉంటారులే."

రెండు చర్చిలవాళ్లూ ఒకేచోట కలవాలనుకుని, కప్పు కారదు కాబట్టి లొరీన్ వాళ్ల చర్చినే ఉంచారు. ఇది లొంగిపోవడమేనని అలిగి రాయిస్ రెండు వారాలు రాలేదు. మూడో వారం, వాళ్లావిడ చేసిన పీచ్ పళ్ల తీపి వంటకం చేత్తో పట్టుకుని వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. దాంతో పదహారుమందీ పూర్తయ్యారు.

ఆ ఉదయం గంట ఎవరో కొట్టారు, కొవ్వొత్తులు ఇంకెవరో వెలిగించారు. నాడీన్‌కు పాట ఎత్తుకోవడం తప్ప వేరే పని లేకపోయింది. ఫాదర్ చేతినుంచి రొట్టె అందుకుని వచ్చి లొరీన్ పక్కన కూర్చుంది. ఎన్నాళ్ల తర్వాతో వీపు వెనక్కి వాల్చి హాయిగా ఊపిరి తీసుకుంది.