సిగరెట్ పెట్టెలో సెప్

ఇంగ్లండులో డర్హమ్ బొగ్గుగనుల మధ్య మా ఊరిది ఒకే వీధి. ఆ వీధి మొదట్లో నా పొగాకు కొట్టు, చివర్లో మెర్సీ టర్న్‌బుల్ ఇల్లు. గని కప్పు కూలి మొగుడు పోయాక, ఒక్కగానొక్క కొడుకు సెప్‌ను గనిలోకి దింపనని ఆమె ఒట్టు పెట్టుకుంది. వాడు గోల్‌కీపరై పట్నం ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. బంతి పట్టుకోవడమూ ఒక పనేనా అని ఇరుగుపొరుగు నవ్వితే, "ఆకాశం కింద చేసే పనేదైనా నాకు పనేనమ్మా" అనేది.

ఫిబ్రవరి ఆటలో సెప్ బంతి మీదికి దూకాడు. ఎదుటి జట్టు ఫార్వర్డ్ డగ్గన్ మోకాలు వాడి కణతకు తగిలింది. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. ఖననం చేస్తున్నంతసేపూ మెర్సీ కంట తడి లేదు.

ఆ శరత్తులో సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలున్న చిన్న అట్టముక్కలు రావడం మొదలైంది. గని నుంచి తిన్నగా వచ్చిన ఆర్చీ నా కొట్లోనే పెట్టె విప్పి కొయ్యబారిపోయాడు. వాడి మసిచేతిలో సెప్ నవ్వుతున్నాడు. వాడు బతికుండగా తీసిన ఫోటో చూసి వేసిన బొమ్మ.

"ఇది మెర్సీ పిన్ని కంట పడితే గుండె ఆగుతుందే" అన్నాడు ఆర్చీ. మగాళ్ళంతా బొమ్మలు జేబుల్లో దాచారు. కానీ మా వీధిలో ఏది దాగుతుంది? ఓ శనివారం ఆమే వచ్చింది.

"ఆ సిగరెట్లు ఒక పెట్టె ఇవ్వవే."

"ఎవరికి పిన్నీ?"

"నాకే. ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఉన్నాడట నా కొడుకు. నా దగ్గరే లేడు."

అక్కడే పెట్టె చింపింది. వచ్చింది డగ్గన్ బొమ్మ. పక్కనే ఉన్న ఆర్చీ చెయ్యి చాపాడు.

"ఇలా తే పిన్నీ, పొయ్యిలో పడేస్తా. వీడే కదా చంపింది!"

"నోర్ముయ్యరా. వీడు బంతిని చూశాడు, నా కొడుకూ బంతినే చూశాడు. ఒకణ్ణొకడు చూసుకోలేదు, అంతే."

ఆర్చీ తలొంచుకుని సెప్ బొమ్మ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"కళ్ళు నీలం వేశారేంట్రా? మావాడివి తేనెరంగు. వెనకేం రాశారో చదువు."

"మంచి భవిష్యత్తున్న కుర్రాడని రాశారు పిన్నీ."

"అలా రాశారా" అని రెండు బొమ్మలూ ఏప్రన్ జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎవరి పెట్టెలో సెప్ వచ్చినా ఆమె తలుపు తట్టి ఇచ్చేవారు. "వచ్చావా నాయనా" అని అందుకునేది. రోజూ సాయంత్రం పని ముగిసిన గని కూత వినగానే గుమ్మంలోకి వచ్చి నిలబడేది. గనిలో పనిచేసే కొడుకు లేకపోయినా, ఆ వేళకు ఎదురుచూపు అలవాటైపోయింది.

వసంతంలో కంపెనీ బొమ్మలు మార్చింది. కొన్నాళ్ళు వట్టి చేతులతో ఆమె గుమ్మం ముందు నుంచి నడవలేక మగాళ్ళు వెనక సందులోంచి ఇళ్ళకు పోయారు. చివరికి ఆమె కొట్టుకొచ్చి నిలదీసింది.

"ఏమే, సెప్ రావట్లేదు?"

"ఇక రాడు పిన్నీ. ఇప్పుడన్నీ ఓడల బొమ్మలే."

మెర్సీ బల్ల పట్టుకుని నేల మీద కూలబడింది. ఖననం నాడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. కొట్టు తలుపు మూసి నేనూ పక్కన కూర్చున్నాను.