మూగ యాజకుడి చీటీ

మా పేటలో క్రిస్మసుకు ముందు నాలుగు వారాలూ సాయంత్రం పూట ఇంటింటా ప్రార్థన కూటం జరుగుతుంది. ఎవరింట్లో కూటమైతే వాళ్ళే బైబిలు వాక్యం చెప్పాలి. ఏ భాగం చెప్పాలో మొదటి ఆదివారమే చర్చిలో బిస్కెట్ల డబ్బాలోంచి చీటీ తీసి తేల్చుకుంటాం. నిరుడు నా చేతికి, దేవదూత మాట నమ్మక మూగవాడైపోయిన ముసలి యాజకుడి చీటీ వచ్చింది. చర్చి చర్చంతా గొల్లుమంది.

నవ్వరా మరి! గురజాల పక్కన ఈ ఊళ్ళో నేను టైలర్ని. నా దగ్గర జాకెట్టు కుట్టించుకుంటే కథ ఉచితం. సాగర్ కాలువలో మొసలి నా కత్తెర మింగితే, దాని పొట్ట కోసి కత్తెర తీసుకుని, మళ్ళీ కుట్లేసి వదిలేశానని పదేళ్ళుగా చెబుతున్నాను. ఇప్పటికి ఆ మొసలికి మూడు గజాల లైనింగు కూడా వేశాను.

నిజమేమిటంటే, అప్పటికి రెండు నెలలుగా నా గొంతు బొంగురుపోయి ఉంది. చీటీ వచ్చిన వారంలోనే మంగళవారం నరసరావుపేట వెళ్ళి చూపించుకున్నాను. డాక్టరు ముక్కులోంచి గొట్టం దింపి చూసి, గొంతులో కందిగింజంత కాయ ఉందన్నాడు. "మూడు వారాలు ఒక్క మాట వద్దమ్మా. గుసగుస కూడా వద్దు. అప్పటికీ తగ్గకపోతే కోసి ముక్క పరీక్షకి పంపాలి." ఏం పరీక్షో ఆయన చెప్పలేదు. బస్సులో ఇంటిదాకా నాకు ఆ చెప్పని మాటే వినిపించింది.

బస్టాండులో పలక కొన్నాను. ఇంట్లో అడుగుపెడుతూనే విషయమంతా రాసి చూపించాను. మా ఆయన చదివి పకపకా నవ్వాడు. "ఈసారి కతకి పలక కూడా కొన్నావా ఏందే? చానా బాగుందే!"

డాక్టరు చీటీ చూశాక ఆయన నవ్వు ఆగిపోయింది. ఊరికి మాత్రం ఎన్ని చీటీలు చూపించను? రెండో ఆదివారం పాస్టరమ్మగారు లేచి ప్రకటించేశారు: "మన చెల్లెమ్మ వాక్యానికి సిద్ధపడటానికి మౌన ఉపవాసం పట్టింది!"

నేను గబగబా పలకెత్తాను: ఉపవాసం కాదు, కాయ.

"చూశారా, ఎంత తగ్గింపు స్వభావమో!" అన్నారావిడ. అందరూ స్తోత్రం అన్నారు.

మర్నాటి నుంచి నా మిషను ముందు వరుస మొదలైంది. గుడ్లు పెట్టని కోడిపెట్టను ఒకామె నా ఒళ్ళో కుదేసింది. "ఒక్కసారి చెయ్యి పెట్టు వదినా, నీ పుణ్యం ఉంటది." బోరులో నీళ్ళు పడాలని ఒకాయన పొలం మట్టి గుప్పెడు తెచ్చాడు. కిరాణా కొట్టు సెట్టిగారి భార్య తిరగని మిక్సీ మోసుకొచ్చింది. దాని ప్లగ్గు వదులైంది, అంతే. నేను గట్టిగా నొక్కాను. మిక్సీ గిర్రున తిరిగింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక చూడండి, సాయంత్రానికి మరో మూడు మిక్సీలు, ఒక టేబుల్ ఫ్యాను! ఇరవై ఏళ్ళు అబద్ధాలాడితే రాని పేరు వారం రోజులు నోరు మూసుకుంటే వచ్చింది.

పగలంతా లోలోపల నవ్వుకునేదాన్ని. తెల్లారి మెలకువ వచ్చిన ఆ మొదటి క్షణం మాత్రం చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోయేది. అప్పుడు లేచి ఆ ముసలాయన అధ్యాయం చదువుకునేదాన్ని. చిన్నప్పటి నుంచీ అది శిక్ష అనుకున్నాను. పదోసారి చదివినప్పుడు కుట్టు విప్పి చూసినట్టయింది. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే, నాకు గుర్తేమిటి అని ఆయన దూతను అడిగాడు. నోరు పోవడమే ఆయనకు దొరికిన గుర్తు. రోజూ పొద్దున్నే నోరు తెరవడం, మాట రాకపోవడం, "అయితే దూత వచ్చింది నిజమే, బిడ్డ పుట్టేదీ నిజమే" అనుకోవడం! ఇంకొకరైతే ఏడ్చేవారు. ఆయన నెలల తరబడి తనలో తాను మురిసిపోయి ఉంటాడు. ఆ పొద్దు నేను గొంతు మీది చెయ్యి తీసేశాను. నాకు దూత ఎవరూ రాలేదు. అయినా నా పలక నాకొక గుర్తులా కనిపించింది. పొద్దున్నే మిషను ముందు కూర్చుని, లోపల్లోపలే పాడుకుంటూ, ఒక జాకెట్టు చేతిని తలకిందులుగా కుట్టేశాను.

ఈలోగా మా అత్తమ్మ మాటలు మొదలుపెట్టింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడకు నేనెప్పుడు సందిచ్చాను గనుక! చెబుతూ చెబుతూ ఓ రోజు, బెల్లంకొండ దగ్గర చిరుతపులిని చీపురుతో కొట్టి తరిమానంది. నేను పలక మీద రాశాను: అబద్ధం. "మరి నీ మొసలో?" అంది.

మూడో వారం చివర మళ్ళీ గొట్టం దింపారు. డాక్టరు చాలాసేపు చూశాడు. "కరిగిపోయిందమ్మా. కోసే పని లేదు. మెల్లగా మాట్లాడొచ్చు" అన్నాడు. అక్కడ నోరు తెరవలేదు. మొదటి మాట కూటానికి దాచుకున్నాను.

ఆ సాయంత్రం కూటం మా ఇంట్లోనే. వరండా నిండిపోయింది, గుడ్లు పెట్టడం మొదలెట్టిన పెట్టతో సహా. బిడ్డ పుట్టాక ఆ యాజకుడు నోరు తెరవగానే దేవుణ్ణి స్తుతించాడు. నేనూ అలాగే అనుకున్నాను. లేచి నిలబడ్డాను. నూనె లేని మిషనులా కీచుమంటూ వచ్చింది: "స్తోత్రం."

అది నా గొంతులా లేదు. అత్తమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాది ఉపవాసం కాదు" అన్నాను మెల్లగా. "గొంతులో కాయ లేచింది. భయంతో చచ్చాను. ఇప్పుడది లేదు. ఎంత కాయనుకున్నారు? డాక్టరు గొట్టంలోంచి చూసి, కుర్చీలోంచి కిందపడ్డాడు. ఇంత గుమ్మడికాయ!"

అత్తమ్మ చెంగు తీసేసి చప్పట్లు కొట్టింది. "ఒరేయ్, వచ్చిందిరా! మా కోడలి గొంతు వచ్చేసింది!"