మూడో నంబరు

మా వీధిలో ఆవిడని అందరూ లెక్కలమ్మ అంటారు. ప్రభుత్వం సర్వే పెట్టినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకోవడం ఆవిడ పని. పశువుల లెక్కతో మొదలుపెట్టి మరుగుదొడ్లు, పిల్లల బరువులు, పెద్దల జబ్బులు, ఇలా లెక్కకి అందేవన్నీ లెక్కపెట్టేసింది. నేను ఆవిడతో కలిసి ఉండే దర్జీని. కింద చిన్న గదిలో స్కూలు యూనిఫాంలు కుడతాను, పైన రెండు గదుల్లో ఇద్దరం ఉంటాం. తన పిన్ని కూతుర్నని ఇంటావిడకి చెప్పాం. మేం ఒకరికొకరం ఏమవుతామో మా ఇద్దరికి తప్ప ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో మాత్రం మాకు బాగా తెలుసు.

ఎందుకంటే ఇంతకు ముందున్న ఇంట్లో తెలిసింది. ఒక ఉదయం మేం నీళ్లు పట్టుకుని వచ్చేసరికి సామానంతా మెట్ల మీద ఉంది. నా కుట్టుమిషను వానలో బోర్లా పడి ఉంది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కరూ నోరు విప్పలేదు, అలాగని ఒక్కరూ లోపలికీ పోలేదు. సినిమా చూసినట్టు చూశారు. ఆవిడ మిషను మీద తన తువ్వాలు కప్పి, దాని పక్కనే తడుస్తూ నిలబడింది. అప్పటి నుంచీ ఎవరైనా తలుపు గట్టిగా కొడితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోతాయి.

లెక్కలమ్మ తలుపు కొట్టే తీరు వేరు. మెల్లగా తట్టి, గుమ్మానికి దూరంగా జరిగి నిలబడుతుంది. తీసేవాళ్లు జడుసుకోకూడదంటుంది. పని పూర్తయ్యేదాకా ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా పుచ్చుకోదు. ఒక ఇంట్లో "మా కుక్క ఏమీ చెయ్యదండీ" అంటుండగానే దానిచేత కరిపించుకుని, మిగతా ప్రశ్నలన్నీ అడిగాకే ఆసుపత్రికి వెళ్లింది. "కుక్కని కూడా రాసుకున్నావా?" అని అడిగాను. "దాని కాలమ్ లేదే" అంది నవ్వుతూ. అంత మొండి మనిషి కూడా ఇంటికొచ్చాక కిటికీ తెర సర్దకుండా నా పక్కన కూర్చోదు.

ఈసారి సర్వేలో కొత్త ప్రశ్నలు పెట్టారు. శిక్షణ ముగించుకుని వచ్చిన రోజు ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"ఆడో మగో చూసి రాసేసుకోకూడదట. వాళ్లనే అడగాలట. ఆడా, మగా, ఆ రెండూ కాదా అని. ఆ తర్వాత మనసు ఎవరి వైపు పోతుందని కూడా అడగాలి."

"ఎవరి వైపు పోతే వాళ్లకెందుకట?" అన్నాను దారం కొరుకుతూ.

"లెక్కలో లేనివాళ్ల కోసం ఎవరూ ఏమీ చెయ్యరే. రేపు మనలో ఒకరికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో రెండోవాళ్లు ఏమవుతారని అడిగితే ఏం చెప్తాం? ఎప్పుడైనా ఏదైనా మారాలంటే ముందు మనం ఉన్నామని తెలియాలిగా. మనల్ని అడుగుతున్నారే పిచ్చిదానా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడుగుతున్నారు!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్నెవరూ ఏమీ అడక్కుండా ఉంటేనే నాకు మాత్రం హాయి.

అడగడానికి ఒక పద్ధతి పెట్టారు. ప్రశ్న పైకి చదవరు. తెల్ల కార్డు ఒకటి చేతికిస్తారు, దాని మీద జవాబులు వరసగా ఉంటాయి, మనం నంబరు చెప్తే చాలు. ఒకటి అంటే ఆడవాళ్లకి మగవాళ్లు, మగవాళ్లకి ఆడవాళ్లు, అంటే లోకం మెచ్చేది. రెండు అంటే ఇద్దరి వైపూ. మూడు అంటే మాలాంటివాళ్లు. నాలుగు అంటే చెప్పను అని. పక్కన ఎవరున్నా నంబరు తప్ప ఇంకేమీ వినబడదు. ఒకరి బదులు ఇంకొకరు చెప్పడానికి వీల్లేదు. పెద్దాఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆలోచించినవాళ్లకి ఇది భేషుగ్గానే కనబడి ఉంటుంది.

వాళ్లకి తట్టనిది ఒక్కటే. కార్డు అందరికీ అదే. కొన్నాళ్లకి వీధిలో అందరూ దాన్ని చూసేశారు, చూసినవాళ్లకి వరస నోటికొచ్చేసింది. కూరగాయల బండి దగ్గర ఒకడు ఇంకొకణ్ణి "పోరా మూడో నంబరూ" అని వెక్కిరించడం నా చెవులతో విన్నాను. ఆ తర్వాత అది తిట్టయిపోయింది. యూనిఫాం కొలతలివ్వడానికొచ్చిన పిల్లలు కూడా ఒకళ్లనొకళ్లు అలాగే పిలుచుకుంటుంటే వింటూనే కొలతలు తీసుకున్నాను.

అసలు దెబ్బ లెక్కలమ్మకి తను తిరిగే పేటలో తగిలింది. ఒక కాలేజీ అమ్మాయికి కార్డు ఇచ్చి, "భయపడకమ్మా, నంబరు చెప్తే చాలు" అంది. ఆ పిల్ల చాలాసేపు కార్డు చూసి "మూడు" అంది. గుమ్మంలో నాయనమ్మ కూర్చుని ఉంది. అప్పుడే అదే కార్డు చూసి తన జవాబు చెప్పిన మనిషి. తలెత్తి మనవరాలి వైపు చూసిందట, అంతే, ఇంకేమీ అనలేదట. తర్వాతి వారం లెక్కలమ్మ అటు వెళ్తే ఆ పిల్ల సైకిలు దుమ్ముకొట్టుకుని ఉంది, గది తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది. కాలేజీ మాన్పించేశారని పక్కింటావిడ చెప్పింది.

ఆ రోజు లెక్కలమ్మ అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది గాని ముద్ద ఎత్తలేదు. "నేనే చెప్పానే, భయపడొద్దని నేనే చెప్పాను" అని ఒకటే మాట. మర్నాడు ఆ ఇల్లు ఏదో చెప్పకుండా, కార్డుతో మనుషులు దొరికిపోతున్నారని మాత్రం సూపర్‌వైజరుకి చెప్పి వచ్చింది. పైకి రాస్తానన్నాడట. తర్వాత జ్వరం వచ్చి సెలవు పెట్టి పడుకుంది. అలా పడుకునే అసలు సంగతి బయటపెట్టింది.

"మనింటికీ వస్తారు."

సర్వే చేసేవాళ్లు తమ ఇంటి లెక్క తాము రాసుకోకూడదు. మా వీధి వేరే అతనికిచ్చారు. అతన్ని వాళ్ల ఆఫీసులో రేడియో అంటారు. మనిషి మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. కింద ఇంటావిడ లెక్క అప్పటికే రాసుకెళ్లాడు. ఆవిడ వీధి చివరికి వినబడేలా, "ఒకటి! మా ఆయన పోయినా ఒకటే, రాసుకో" అందట. ఆ వేళ నేను బజారుకి వెళ్లాను, పైన తాళం ఉంది కాబట్టి, ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

"ఆదివారం ఎటైనా పోదాం" అన్నాను.

"మళ్లీ వస్తాడు. ఈ అక్కచెల్లెళ్లు ఎప్పుడూ తాళమేసుకుని ఎక్కడికి పోతారని వీధంతా అడుగుతాడు. నువ్వు ఒకటి అనేసెయ్, నేనూ అదే అంటాను."

నాకు ఒళ్లు మండింది. "ఊరందర్నీ నిజం చెప్పండని బతిమాలి, నా దగ్గరికొచ్చేసరికి అబద్ధం నేర్పుతున్నావా?"

"మిషను మళ్లీ వానలో పడాలా?"

"పోనీ నాలుగంటే?" అన్నాను.

"నాలుగంటే మూడుకి ముసుగేసినట్టే. దాచుకునేది ఉన్నవాళ్లే నాలుగంటారని ఇంటావిడ నిన్ననే అంది, విన్లేదా?"

ఆదివారం రానే వచ్చింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. రేడియో ముందు, ఆ వెనకాలే బఠాణీల చేట పట్టుకుని ఇంటావిడ. వచ్చి మా గుమ్మంలోనే చతికిలబడి కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, ఒక్కొక్కళ్లనీ విడిగా అడగాలండీ" అన్నాడతను మొహమాటంగా.

"అడుగు నాయనా, నేనేమన్నా నీ నోరు మూశానా? కింద ఉక్కపోస్తోంది, ఇక్కడ కాస్త గాలాడుతోంది."

ఇల్లు ఆవిడది, గుమ్మం ఆవిడది. లెక్కలమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది, నేను స్టూలు మీద. వయసు, చదువు, పని అడిగాడు. ఆడా మగా అన్న ప్రశ్నకి ఇంటావిడ "కళ్లజోడు మార్పించుకో నాయనా" అని నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. తర్వాత అతను సంచిలోంచి ఒక కార్డు తీసి నా చేతికిచ్చాడు. అది తెల్లగా లేదు, నీలంగా ఉంది.

ఎలాగూ ఒకటి అనడమేగా అని ఊరికే చూశాను. వరస మారిపోయింది. లోకం మెచ్చేది మూడో నంబరులో ఉంది. మేం ఒకటిలో ఉన్నాం. చెప్పను అన్నది రెండులోకి పోయింది.

అబద్ధం చెప్పాలంటే ఇప్పుడు మూడు అనాలి. మూడు అన్నానంటే గుమ్మంలో ఉన్నావిడకి అదే నిజమవుతుంది. రెండన్నా చిక్కే, నాలుగన్నా చిక్కే. ఆ గుమ్మంలో చెల్లే మాట ఒకటి ఒక్కటే, ఆ ఒకటి పచ్చి నిజం. పుట్టినప్పటి నుంచి ఎవరికీ చెప్పని మాట. కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. రేడియో నా మొహంలోకి చూడకుండా తన ట్యాబు వైపే చూస్తున్నాడు.

"ఒకటి" అన్నాను.

"హమ్మయ్య, బతికించావు" అని ఇంటావిడ వేళాకోళమాడి మళ్లీ కాయలు అందుకుంది. లెక్కలమ్మ భుజాలు కాస్త దిగాయి. తను నేర్పిన పాఠం అప్పజెప్పాననుకుందని నాకు అర్థమైంది. చెప్పడానికి దారి లేదు, కంటిసైగకి కూడా ధైర్యం చాల్లేదు. రేడియో నా కార్డు బోర్లా తిప్పి సంచిలో పెట్టుకున్నాడు. అందులో ఒకటి అంటే ఏముందో చూశాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ భయం ఇంకా నాతోనే ఉంది.

లెక్కలమ్మ చేతికి మాత్రం పాత తెల్ల కార్డే వచ్చింది. కళ్లు మూసుకుని అప్పజెప్పగలిగిన కార్డు అది. అయినా దాని వైపు చూస్తూ ఉండిపోయింది. కార్డు అంచు వణుకుతోంది. జ్వరమని అందరూ అనుకునేలా నేను లేచి దుప్పటి సర్దాను. మూడు అనేస్తుందేమో, ఆ కాలేజీ పిల్లకి బాకీ తీర్చుకుంటుందేమో, ఈ ఇల్లు కూడా ఇప్పుడే పోతుందేమో అనుకున్నాను.

"ఒకటి" అంది చివరికి. ఆ గొంతు ఆవిడది కాదు.

ఇంటావిడ చేట ఎత్తుకుని, "ఇందుకేనా ఇంత హడావుడి!" అనుకుంటూ దిగిపోయింది. ఆవిడ అడుగుల చప్పుడు కిందికి చేరేదాకా రేడియో నెమ్మదిగా సంచి సర్దుకున్నాడు. తర్వాత ఒంగి రహస్యంగా చెప్పాడు.

"అక్కా, నువ్వు సెలవులో ఉన్నావుగా, నీకు తెలీదు. నువ్వు చెప్పావని సూపర్‌వైజరు పైకి రాశాడట, కొత్త కార్డులొచ్చాయి. ఇప్పుడు ఇంట్లో ఒకరికి నీలం, ఒకరికి తెల్ల. నీలం దాంట్లో వరస వేరు. ఎవరికీ విప్పి చెప్పకూడదన్నారు, నీకు కాబట్టి చెప్పాను. నీ పుణ్యమా అని ఎవరో ఒకరు బతుకుతార్లే."

అతను వెళ్లాక లెక్కలమ్మ నా వైపు తిరిగింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"నీది నీలం కదూ?"

"ఊఁ."

"అందులో ఒకటి అంటే ఏంటే?"

"మనమే" అన్నాను.

మంచం మీంచి దిగి నేల మీద కూలబడింది. మోకాళ్లలో తల పెట్టుకుంది. "నువ్వు ఉన్నావని రాసుకెళ్లారు. నేను లేనని చెప్పుకున్నాను. ఆ లెక్కలో నిన్ను ఒంటరిదాన్ని చేశానే" అంది.

"ఊరుకోవే, నేనేమన్నా వీరనారిలా చెప్పానా? భయపడి చెప్పాను. నీకూ నీలం కార్డే వచ్చుంటే నువ్వూ చెప్పేదానివి" అన్నాను. నవ్వించాలనే అన్నాను, కానీ ఆవిడ పైకి ఏడ్వడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో మిషను తడిసిన రోజున కూడా అలా ఏడ్వలేదు.

ప్రభుత్వం లెక్కలో మా ఇంట్లో అలాంటి మనిషిని నేనొక్కదాన్నే. నేను లేచి ముందు కిటికీ తెర సర్దాను. తర్వాత వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.